జవాబులు అచ్చు కాని ప్రశ్నలు: ఒక పార్లమెంటు సభ్యుని ఏడాది నివేదికపై సమీక్ష

కొన్ని వారాల కిందట ఒక ఉదయం తిరుపతి శ్రీ శ్రీనివాస క్రీడా సముదాయం బయట కూర్చొని ఉండగా, ఒకప్పుడు నా దగ్గర ఖోఖో నేర్చుకొని ఇప్పుడు తానే పిల్లలకు నేర్పిస్తున్న అమ్మాయి సంచిలోంచి ఒక పుస్తకం తీసి, "మేడం, ఇది మీరు చదవాల్సిందే" అంటూ నా చేతిలో పెట్టింది. ఒక పార్లమెంటు సభ్యుడు 2025లో క్రీడల మీద, సామాజిక సంక్షేమం మీద సభలో అడిగిన ప్రశ్నలు, చేసిన ప్రసంగాలు, ఇచ్చిన నోటీసులు అన్నీ ఒకచోట కూర్చి ఉచితంగా పంచుతున్న వార్షిక నివేదిక అది. ఆ సభ్యుడు మా తిరుపతికి గానీ చిత్తూరుకు గానీ చెందినవారు కారు. ఆయన పేరు, పార్టీ ఇక్కడ రాయడం లేదు, ఎందుకంటే నేను సమీక్షిస్తున్నది పుస్తకాన్ని. ఇలాంటి పుస్తకాలు మన రాష్ట్రంలో చాలామంది ప్రజాప్రతినిధులు వేయిస్తున్నారు కాబట్టి, దీని మంచిచెడ్డలు మిగిలినవాటికీ కొంత వర్తిస్తాయని నా నమ్మకం.

నేను దాదాపు మూడు దశాబ్దాలు చిత్తూరు జిల్లా పశ్చిమ మండలాల ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేశాను. సభలో క్రీడల గురించి ఎవరేం మాట్లాడినా అది మైదానం దాకా వస్తుందా రాదా అని చూసే అలవాటు అప్పటి నుంచీ ఉంది. ఈ పుస్తకాన్నీ అలాగే, పెన్సిలు పట్టుకొని రెండుసార్లు చదివాను. ప్రశ్నల తేదీలనూ విషయాలనూ పార్లమెంటు అధికారిక వెబ్‌సైటులో ఉన్న వివరాలతో పోల్చి చూసుకున్నాను.

ముందుగా పుస్తకం రూపం. కాగితం మందంగా, అక్షరాలు కంటికి శ్రమ కలగనంత పెద్దవిగా ఉన్నాయి. తెలుగు చక్కగా ఉంది. ప్రశ్నల సమయం తర్వాత సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తే జీరో అవర్‌ను జీరో అవర్ అనే రాశారు. వాడుకలో ఉన్న మాటను వదిలి ఎవరికీ అర్థం కాని సంస్కృత సమాసం కోసం వెతుక్కోలేదు. మొదట్లో ఉన్న రంగుల ఫోటోల పేజీలు తిప్పేసినా నష్టం లేదు. విషయసూచిక ఉంది గానీ తేదీల వరుసలో ఉంది తప్ప అంశాల వరుసలో లేదు. వికలాంగుల పింఛను గురించి ఏడాదిలో ఎన్నిసార్లు అడిగారో తెలుసుకోవాలంటే పుస్తకమంతా వెతకవలసిందే.

ఇక ఈ పుస్తకంలో నాకు బాగా నచ్చిన భాగం. సామాన్య పాఠకునికి సభ పనిచేసే తీరును రెండు పేజీల్లో ఇంత తేటగా చెప్పిన రచన నేను ఈ మధ్య చదవలేదు. లోక్‌సభలో ఒక రోజుకు నక్షత్ర గుర్తు ప్రశ్నలు 20, ఆ గుర్తు లేనివి 230 మాత్రమే జాబితాకు ఎక్కుతాయని, నక్షత్ర గుర్తు ప్రశ్నకు మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలని, దాని మీద అక్కడికక్కడే అనుబంధ ప్రశ్న వేయవచ్చని, మిగిలినవాటికి కాగితం మీద జవాబు వస్తుందని వివరించారు. ఏ ప్రశ్న జాబితాకు ఎక్కాలో లాటరీ పద్ధతిలో తేలుతుందని, ఒక ప్రజా సమస్యను సభ దృష్టికి తేవడానికి 377వ నిబంధన కింద ఇచ్చే అంశం 250 మాటలు దాటకూడదని, ప్రైవేటు సభ్యుల, అంటే మంత్రులు కాని సభ్యుల బిల్లులకు శుక్రవారం సాయంత్రం రెండున్నర గంటలే ఉంటాయని కూడా రాశారు. ఎంపీ అనుకుంటే ఎప్పుడైనా లేచి మాట్లాడవచ్చు కదా అనుకునేవాళ్లు మన ఊళ్లలో చాలామంది. వాళ్లందరి చేతా చదివించవలసిన పేజీలు ఇవి.

అయితే ఇంత వివరంగా చెప్పిన పుస్తకం, తన సొంత ప్రశ్నల దగ్గరికి వచ్చేసరికి ఆ వివరాన్ని ఎందుకో వదిలేసింది. మహిళా శిక్షకుల కొరత మీద ఒక నక్షత్ర గుర్తు ప్రశ్నను "సభలో అడిగారు" అని అచ్చు వేశారు. నేను చూస్తే, ఆ ప్రశ్న ఆ రోజు జాబితాలో ఉన్నమాట నిజమే గానీ, గందరగోళంలో సభ వాయిదా పడి దాని వంతు రానేలేదు. జవాబు కాగితం రూపంలోనే సభకు చేరింది. ఇందులో సభ్యుని తప్పేమీ లేదు. 2025 వర్షాకాల సమావేశాల్లో లోక్‌సభ జాబితాకు ఎక్కిన 419 నక్షత్ర గుర్తు ప్రశ్నల్లో నోటితో జవాబు వచ్చినవి 55 మాత్రమే. 120 గంటలు జరగవలసిన చర్చ 37 గంటలే జరిగింది. స్పీకరే సమావేశాల ముగింపు రోజున ఈ లెక్క చెప్పారు. ఈ అంకెలను పుస్తకంలోనే ఇచ్చి, "మా ప్రశ్న వంతు రాలేదు" అని ఒక వాక్యం చేర్చి ఉంటే, పాఠకునికి సభ్యుని మీద గౌరవం పెరిగేది, సభ జరగకపోతే పోయేది ఏమిటో కూడా తెలిసేది. బడ్జెట్ ప్రసంగం విషయంలోనూ ఇదే తీరు. సమయం చాలక రాతపూర్వకంగా సభకు సమర్పించిన ప్రసంగాన్ని, నిలబడి చేసిన ప్రసంగంలాగా అచ్చు వేశారు. సమర్పించడం సభ అంగీకరించిన పద్ధతే, రికార్డులోకి వెళ్లేదే. అది దాచవలసిన సంగతి కాదు.

ఈ పుస్తకంలో పెద్ద లోపం మాత్రం అది కాదు. ప్రశ్నలన్నీ ఉన్నాయి, జవాబులు లేవు. క్రీడల అధ్యాయంలో ప్రతి ప్రశ్న కిందా మంత్రిత్వ శాఖ పేరు, తేదీ ఉన్నాయి, ఆ తర్వాత ఖాళీ. పార్లమెంటులో ప్రశ్న వేయడమంటే ప్రభుత్వం నుంచి ఒక మాట రాబట్టడం. జవాబుతో పాటు వచ్చే అనుబంధాల్లో ఏ రాష్ట్రానికి ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది అనే పట్టికలు ఉంటాయి. గ్రామంలో పనిచేసే ఒక పీఈటీకి గానీ, జిల్లా క్రీడాధికారి దగ్గరికి అర్జీ పట్టుకొని వెళ్లే తల్లిదండ్రులకు గానీ పనికివచ్చేది ఆ పట్టికే. నా ఉద్యోగకాలంలో మా బడికి కబడ్డీ మ్యాట్ కావాలని ఒక కార్యాలయం చుట్టూ తిరిగినప్పుడు, "ఆ పథకంలో నిధులు లేవమ్మా" అన్న మాటే మూడేళ్లు విన్నాను. నిజంగా లేవో, వచ్చి వెనక్కి పోయాయో చూపించే కాగితం నా చేతిలో లేదు. అలాంటి కాగితం ఈ సభ్యుని ప్రశ్నల వల్ల 2025లో కొన్నిసార్లు సభ ముందుకు వచ్చింది. పుస్తకంలోకి మాత్రం రాలేదు.

జవాబులను ఎందుకు వదిలేశారో ఊహించగలను. క్రీడల ప్రశ్నలకు వచ్చే జవాబులు చదివేవాళ్లకు బాగా తెలిసిన వాక్యం ఒకటుంది: "క్రీడలు రాష్ట్రాల జాబితాలోని అంశం." రాజ్యాంగం ఏడో షెడ్యూలు రెండో జాబితాలో 33వ పద్దు అది, నాటకాలు, సినిమాలు, వినోదాలతో కలిపి క్రీడలను అక్కడ పెట్టారు. కాబట్టి మైదానాల కొరత మీద, శిక్షకుల నియామకం మీద ఎంత గట్టిగా అడిగినా చాలాసార్లు జవాబు ఆ వాక్యంతో మొదలవుతుంది. అచ్చు వేస్తే సభ్యుని కృషి తేలిపోతుందని సంకలనకర్తలు భయపడ్డారేమో. నా అభిప్రాయం వేరు. అదే వాక్యాన్ని ప్రశ్న కింద పెట్టి, పక్కనే కేంద్రం చేతిలో ఏముందో చూపించి ఉండవలసింది. 2025-26 బడ్జెట్‌లో యువజన వ్యవహారాలు, క్రీడల శాఖకు కేటాయించింది 3,794.30 కోట్లు, అందులో క్రీడలను ప్రోత్సహించే కేంద్ర పథకం ఖేలో ఇండియాకు 1,000 కోట్లు. ఖేలో ఇండియాకు ఎంపికైన క్రీడాకారులకు చేతి ఖర్చుల కింద నెలకు 10,000 రూపాయలు ఇస్తారు. ఇవి కేంద్రం నిర్ణయించేవి. ఏది ఎవరిని అడగాలో పాఠకునికి తెలియాలంటే జవాబు చదవాలి కదా!

జాతీయ క్రీడల పరిపాలన చట్టం మీద ఉన్న ఎనిమిది పేజీలు శ్రద్ధగా రాసినవి. ఆ బిల్లు జులై 23న సభలోకి వచ్చింది, ఆగస్టు 11న లోక్‌సభ, 12న రాజ్యసభ ఆమోదించాయి, 18న రాష్ట్రపతి ఆమోదముద్ర పడింది. క్రీడా సమాఖ్యలకు గుర్తింపు ఇచ్చే జాతీయ క్రీడా బోర్డు, వివాదాల కోసం ట్రైబ్యునల్, ఎన్నికల కోసం ప్రత్యేక ప్యానెల్, కార్యవర్గంలో 15 మందికి మించకుండా ఉండటం, వారిలో కనీసం నలుగురు మహిళలు, కనీసం ఇద్దరు పేరున్న క్రీడాకారులు ఉండటం వంటివన్నీ వివరించారు. నలుగురు మహిళలు అన్న నిబంధన దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఎంపిక పోటీలకు మా పిల్లలను తీసుకొని వెళ్లిన ప్రతిసారీ బల్ల అవతల కూర్చున్నవాళ్లంతా మగవాళ్లే. అలసటగా ఉందనో కడుపునొప్పి అనో ఏదో ఒకటి చెప్పి తప్పుకునే ఆడపిల్ల అసలు కారణం వాళ్లకు చెప్పలేక నా చెవిలో చెప్పేది. జాతీయ సమాఖ్యలో వచ్చిన నలుగురు మహిళలు జిల్లా సంఘం దాకా ఎప్పుడు వస్తారన్నది నా ప్రశ్న. సభ్యుడు ఆ ప్రశ్న వేయలేదు. వచ్చే ఏడాది వేయాలని కోరుతున్నాను.

అదే ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి ఒక్క పేజీ ఇచ్చారు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించిన ఆ చట్టం 20న లోక్‌సభలో, 21న రాజ్యసభలో ఆమోదం పొందింది. క్రీడల అధ్యాయంలో కాకుండా సామాజిక సంక్షేమం కింద దీన్ని చేర్చడం సరైన పని. ఈ ఆటల్లో జీతమంతా పోగొట్టుకున్న ఇళ్లు మా వీధిలోనే ఉన్నాయి.

ఇప్పుడు సామాజిక సంక్షేమం అధ్యాయం. వృద్ధాప్య పింఛను మీద సభ్యుడు ఇచ్చిన 377 నిబంధన అంశం ఈ పుస్తకంలో అన్నిటికంటే బలమైన రచన. కేంద్ర ప్రభుత్వం 60 నుంచి 79 ఏళ్ల వయసున్న పేద వృద్ధులకు ఇస్తున్న సాయం నెలకు 200 రూపాయలు. 80 దాటితే 500. ఆ పథకానికి 2007లో ఇందిరాగాంధీ పేరు పెట్టిన నాటికే అది 200. ఇప్పటికీ 200. జాతీయ సామాజిక సహాయ కార్యక్రమం మొత్తానికి 2025-26లో ఇచ్చింది 9,652 కోట్లు. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వృద్ధులకు 4,000, దివ్యాంగులకు 6,000 చొప్పున ఇంటి దగ్గరే అందుతోంది కాబట్టి, అందులో కేంద్రం వాటా ఎంతన్నది మన అవ్వాతాతలకు తెలిసే అవకాశం తక్కువ. 250 మాటల పరిమితిలో ఈ సంగతినంతా చెప్పిన తీరు చూస్తే, రాసినవారికి ఒక్కో మాట విలువ తెలుసని అర్థమవుతుంది.

ఈ పేజీ చదువుతుంటే నాకు ఒక పిల్ల గుర్తుకు వచ్చింది. తొమ్మిదో తరగతి, ఖోఖోలో స్తంభం చుట్టూ తిరిగి డైవ్ కొట్టిందంటే ఎదుటి జట్టు చూస్తూ నిలబడిపోవలసిందే. జోనల్ పోటీలు పదిరోజులు ఉన్నాయనగా దాని బూటు అడుగు ఊడిపోయింది. సైకిలు ట్యూబు ముక్కతో కట్టుకొని ఆడుతోంది. కొత్తవి ఎప్పుడు కొంటావే అంటే, "ఒకటో తేదీకి అవ్వకి పింఛను వస్తాది మేడం, రాంగానే కొనిస్తానంది" అని చెప్పింది. ఆ ఇంట్లో వృద్ధాప్య పింఛను సంక్షేమం పద్దులో ఉంటుందో క్రీడల పద్దులో ఉంటుందో ఎవరైనా తేల్చగలరా?

పుస్తకాన్ని రెండు అధ్యాయాలుగా చీల్చడం అందుకే నాకు వెలితిగా అనిపించింది. క్రీడలు ఒకవైపు, సంక్షేమం ఇంకొకవైపు పెట్టారు. వాటిని కలిపే ప్రశ్న పుస్తకం మొత్తంలో ఒకటే ఉంది, అది బడి భోజనం గురించి. పీఎం పోషణ్ కింద ప్రాథమిక తరగతుల పిల్లలకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆరు నుంచి ఎనిమిది తరగతుల పిల్లలకు 700 కేలరీలు, 20 గ్రాముల మాంసకృత్తులు ఉండాలన్నది ప్రమాణం. 2025 మే 1 నుంచి వంట సరుకుల ఖర్చు ఒక్కో పిల్లకు ప్రాథమిక తరగతుల్లో 6.78 రూపాయలు, ఆపైన 10.17 రూపాయలుగా పెంచారు. సాయంత్రం మైదానంలో సాధన చేసే పిల్లలకు ఈ కొలత సరిపోతుందా, వారికి అదనంగా ఏమైనా ఇస్తారా అని సభ్యుడు అడిగారు. ఈ ప్రశ్న వేసినందుకు ఆయనకు నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

ఎందుకంటే ఆ సాయంత్రం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పిల్లలు ఒంటిగంటకు భోజనం చేస్తారు. నాలుగున్నరకు బడి వదులుతారు. మైదానంలో సున్నం గీతలు వేసుకొని ఆట మొదలుపెట్టేసరికి అయిదు. చీకటి పడేదాకా పరుగు. తర్వాత ఆటో కోసమో చివరి బస్సు కోసమో నిలబడి, ఇంటికి చేరి, అన్నం తినేసరికి రాత్రి ఎనిమిది దాటుతుంది. మధ్యలో ఆ పిల్లల కడుపులో పడేది మంచినీళ్లు. నేనూ నా తోటి ఉపాధ్యాయినులూ చందాలు వేసుకొని శెనక్కాయలు, బెల్లం తెప్పించేవాళ్లం. పిడికెడు శెనక్కాయలు నోట్లో వేసుకొని మైదానంలోకి పోయిన రోజున పిల్లల ఆటే వేరుగా ఉండేది. ఎనిమిదో తరగతితో పీఎం పోషణ్ ఆగిపోతుంది. మన రాష్ట్రం సొంత ఖర్చుతో తొమ్మిది, పది తరగతులకూ, 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలలకూ భోజనం పెడుతోంది, గుడ్డు, చిక్కీ, రాగిజావ ఇస్తోంది. ఇది గొప్ప మార్పు. అయినా సాయంత్రం అయిదు గంటల ఆకలి ఇంకా ఏ పథకం లెక్కలోనూ లేదు. సభ్యుని ప్రశ్న సరిగ్గా ఆ చోటునే పట్టుకుంది. దానికి వచ్చిన జవాబు పుస్తకంలో లేకపోవడం మిగిలిన అన్నిటికంటే ఎక్కువగా బాధించింది.

ఇంకొక లోటు చెప్పాలి. నియోజకవర్గంలో అభివృద్ధి పనులకు ఎంపీ లాడ్స్ నిధి కింద సభ్యునికి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. అందులో క్రీడలకు ఎంత వెచ్చించారో ఒక పేజీలో ఇచ్చారు, మంచిదే. అవన్నీ ఓపెన్ జిమ్‌లు, గ్యాలరీ మెట్లు. ఒక్క చోట కూడా ఆడపిల్లలు బట్టలు మార్చుకునే గది, మరుగుదొడ్డి కనిపించలేదు. నేను పనిచేసిన ఒక బడిలో ఆటకు ముందు ఇద్దరు పిల్లలు చున్నీని అటూ ఇటూ పట్టుకుంటే, దాని వెనక మూడో పిల్ల నిక్కరు మార్చుకునేది. తర్వాత వంతు మారేది. పదో తరగతికి వచ్చేసరికి అందులో సగంమంది ఆట మానేశారు. కొందరికి ఆ ఏడాదే పెళ్లి చూపులు మొదలయ్యాయి. అమ్మాయిల పెళ్లి వయసును 21కి పెంచాలని 2021లో తెచ్చిన బిల్లు పదిహేడో లోక్‌సభతోనే మురిగిపోయిందని, దాని సంగతి ఏమైందని సభ్యుడు సంక్షేమం అధ్యాయంలో అడిగారు. చట్టం ఎటు తేలినా, ఆట ఆడుతున్న పిల్లకు పెళ్లి చేయడానికి ఇంట్లోవాళ్లు ఒకటికి రెండుసార్లు ఆలోచించడం నేను చూశాను. జిల్లా జట్టులో పేరు వచ్చిందంటే ఆ ఏడాదికి ఆ మాట వాయిదా పడేది.

2025 మన ఆడపిల్లలకు కలిసివచ్చిన ఏడాది. జనవరిలో ఢిల్లీలో జరిగిన మొట్టమొదటి ఖోఖో ప్రపంచకప్పును మన మహిళల జట్టు, పురుషుల జట్టు రెండూ గెలిచాయి. నవంబరు 2న మహిళల క్రికెట్ ప్రపంచకప్పు వచ్చింది, ఆ జట్టులో మన రాయలసీమ, కడప జిల్లా బిడ్డ శ్రీచరణి ఉంది. ఈ రెండు విజయాలకూ సభ్యుడు అభినందనలు తెలిపిన పేజీలు పుస్తకంలో ఉన్నాయి. రాష్ట్రంలో క్రీడాకారులకు ఉద్యోగాల్లో రిజర్వేషన్ 2 శాతం నుంచి 3 శాతానికి పెరిగిన సంగతి, దాన్ని మెగా డీఎస్సీలో అమలు చేసిన సంగతి కూడా పక్కనే ఇచ్చి ఉంటే బాగుండేది. ఆడితే ఏమొస్తుంది అని అడిగే తండ్రికి చూపించడానికి అంతకంటే మంచి పేజీ ఉండదు.

మొత్తం మీద అయిదుకు మూడు ఇస్తాను. సభ పనితీరు వివరించిన పేజీలు, పింఛను మీది రచన, బడి భోజనం ప్రశ్న, ఈ మూడింటి కోసం పుస్తకం తప్పకుండా చదవవలసిందే. వ్యాయామ ఉపాధ్యాయులు, శిక్షకులు, పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ముందు ఆ భాగాలు చూడండి. మరుసటి కూర్పులో ప్రతి ప్రశ్న కింద జవాబు సారాంశం నాలుగు పంక్తుల్లో, అనుబంధ పట్టికలో మన జిల్లాలకు సంబంధించిన వరుస ఉంటే అది, చివర్లో అంశాలవారీ సూచిక వేయమని కోరుతూ ఆ సభ్యుని కార్యాలయానికి తెలుగులో ఉత్తరం రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. బడి భోజనం ప్రశ్న ఉన్న పేజీని జిరాక్స్ తీయించి, వెబ్‌సైటులోని జవాబును దాని వెనక అచ్చు వేయించి, నాకు ఈ పుస్తకం ఇచ్చిన అమ్మాయికి ఇచ్చాను. సాయంత్రం అయిదింటికి మైదానానికి వచ్చే పిల్లల తల్లిదండ్రుల సమావేశంలో చదివి వినిపిస్తానని చెప్పింది.